పేపర్ పెట్టాక దానికి ఎవరు దిక్కు? పరిశోధన ప్రచురణపై పాఠకుల ప్రశ్నలు

పరిశోధన పత్రాల ప్రచురణ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రశ్నలు వేరైనా చిక్కుముడి ఒకటే. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' మొదలుపెట్టాక, జర్నల్ అనేది క్రమంగా నాలుగు పనులు కలిపి చేసే ఏర్పాటుగా స్థిరపడింది. ఫలానా సంగతి ఫలానా రోజున ఫలానావారు చెప్పారని నమోదు చేయడం, ఆ మాట నిలబడుతుందా అని తెలిసినవాళ్లకు చూపించడం, నలుగురికీ చేరవేయడం, పదికాలాలు దాచడం. ఇంటర్నెట్ ఈ నాలుగింటినీ విడదీసి వేర్వేరు చేతుల్లో పెట్టింది. మీరు ఏ పని గురించి అడుగుతున్నారు, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్నది తేలితే సగం జవాబు దొరికినట్టే.

నా మొదటి పేపర్‌ను జర్నల్‌కు పంపేముందు ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ప్రీప్రింట్‌గా, అంటే సమీక్ష కాకముందటి ప్రతిగా పెడదామనుకుంటున్నాను. మా గైడ్‌గారు "అలా పెడితే జర్నల్ వాళ్లు తీసుకోరు, పైగా ఐడియా ఎవరైనా కొట్టేస్తారు" అంటున్నారు. నిజమేనాండీ?
— భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని

మీ గైడ్‌గారి మొదటి భయానికి చరిత్ర ఉంది. 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్, వేరేచోట ముందే వెలువడిన విషయాన్ని తాము వేయబోమని ప్రకటించారు. వైద్య పత్రికలు చాలాకాలం ఆ నియమాన్నే పట్టుకుని వేలాడాయి. మీ శాస్త్రంలో మాత్రం 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో ఆర్కైవ్ ప్రారంభించినప్పటి నుంచీ ముందు అక్కడ పెట్టడం, తర్వాత జర్నల్‌కు పంపడం మామూలే. జీవశాస్త్రానికి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్‌ఆర్కైవ్ వచ్చాక అక్కడా మంచు కరిగింది. అయినా మీరు పంపబోయే జర్నల్ మాటేమిటో విడిగా చూసుకోవాల్సిందే. రచయితలకు ఇచ్చే సూచనల పేజీలో 'ప్రీప్రింట్' అన్న మాట వెతకండి. లేదా 'ఓపెన్ పాలసీ ఫైండర్'లో (పాతపేరు షెర్పా రోమియో) జర్నల్ పేరు కొడితే, ఏ ప్రతిని ఎక్కడ, ఎప్పుడు పెట్టుకోవచ్చో చూపిస్తుంది.

రెండో భయం తలకిందులుగా ఉంది. ఆర్కైవ్‌లో ఎక్కే ప్రతి వెర్షన్‌కూ తేదీ, సమయం పడతాయి. సంపాదకుడి ఇన్‌బాక్సులో ఆరు నెలలు పడి ఉన్న పేపర్‌కు ఆ రక్షణ లేదు.

పెట్టేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని. కొత్తవాళ్లకు ఆ విభాగంలో ఇప్పటికే పేపర్లు పెట్టినవారి సిఫారసు కావలసి రావచ్చు. గైడ్‌గారికి ఖాతా ఉంటే పని తేలిక. టెక్ అనే కూర్పు సాఫ్ట్‌వేర్‌లో రాసిన పేపర్‌కు పీడీఎఫ్ కాదు, సోర్సు ఫైళ్లే ఇవ్వాలి. బొమ్మల ఫైళ్లలో ఒకటి తగ్గినా కంపైల్ కాదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఆ సోర్సును ఎవరైనా దించుకోవచ్చు. శాతం గుర్తు వెనక (అచ్చులో కనిపించకుండా) మీరు రాసుకున్న "ఈ గ్రాఫు నమ్మకంగా లేదు, తర్వాత చూద్దాం" లాంటి వ్యాఖ్యలూ దాంతోపాటే లోకానికి అందుతాయి. తీసేసి పెట్టండి. అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలు గడువు. ఆలోపు వచ్చినవాటిని సాధారణంగా అదే రాత్రి 8కి ప్రకటిస్తారు. శుక్రవారం గడువుకు అందినవి మాత్రం ఆదివారం రాత్రికి గాని కనిపించవు.

లైసెన్సు దగ్గర తొందరపడవద్దు, ఎందుకంటే ఇచ్చింది వెనక్కి తీసుకోలేరు. ఏ జర్నల్‌కు పంపాలో తేలనప్పుడు ఆర్కైవ్‌కు పంపిణీ హక్కు మాత్రమే ఇచ్చే సాధారణ లైసెన్సు ఎంచుకోవడం మేలు. పేపర్ తొలగించడమూ కుదరదు. 'ఉపసంహరణ' చేసినా పాత వెర్షన్ అలాగే తెరుచుకుంటుంది. సహరచయితలందరూ ఒప్పుకున్నాకే బటన్ నొక్కండి.

రిఫరెన్సుల్లో డిఓఐ (పేపర్‌కిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే లింకు ఎప్పటికీ చెడదన్నారు. మా దగ్గర వారానికి రెండుమూడైనా తెరుచుకోవడం లేదు. ఎందుకని?
— గ్రంథాలయ ఉద్యోగి

శాశ్వతమైంది సంఖ్య. దాని వెనక ఉన్న దారిని ఎవరో ఒకరు బాగుచేస్తూ ఉండాలి. డిఓఐ "10."తో మొదలవుతుంది, తర్వాత నమోదు చేసిన సంస్థ అంకెలు, ఏటవాలు గీత, ఆపైన ప్రచురణకర్త తనకు నచ్చినట్టు పెట్టుకున్న తోక. డిఓఐ డాట్ ఆర్గ్ చిరునామాకు దాన్ని చేరిస్తే, క్రాస్‌రెఫ్, డేటాసైట్ లాంటి నమోదు సంస్థల దగ్గర ప్రచురణకర్త రాయించిన పేజీకి మిమ్మల్ని పంపుతుంది. ప్రచురణకర్త సైటు మార్చి కొత్త చిరునామా రాయించకపోతే మీరు పాత ఇంటి గుమ్మం ముందు నిలబడతారు.

కాబట్టి ముందు ఆ లోపం ఎక్కడ కనిపించిందో చూడండి. డిఓఐ సైటే 'దొరకలేదు' అంటే సంఖ్యలో తప్పుంది, లేదా అసలు నమోదే కాలేదు. ప్రచురణకర్త సైటుకు చేరాక 404 ('పేజీ లేదు') వస్తే సంఖ్య మంచిదే, దారి పాతది. మొదటి రకంలో ఎక్కువ పాళ్లు కాపీ చేసేటప్పుడు జరిగే పొరపాట్లే. వాక్యం చివరి చుక్క, మూసే బ్రాకెట్టు అంటుకుని రావడం, పీడీఎఫ్‌లో పంక్తి విరిగినచోట హైఫన్ చేరడం. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టించుకోనక్కర్లేదు. రెండో రకాన్ని క్రాస్‌రెఫ్‌కు తెలియజేస్తే ప్రచురణకర్తకు చేరవేస్తారు. ఈలోగా ఉచిత ప్రతి కోసం అన్‌పేవాల్, పాత పేజీ కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ చూడండి.

సంఖ్య కొడితే సంబంధం లేని వేరే పేపర్ తెరుచుకుందా? ఆ రిఫరెన్సు ఏదో చాట్‌బాట్ అల్లి ఇచ్చిందేమో అనుమానించాల్సిందే.

"మీ విశిష్ట పరిశోధనకు వందనాలు" అంటూ రోజుకో మెయిల్ వస్తోంది. 72 గంటల్లో ప్రచురణ, ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.831 అని రాశారు. ఒకరికి పేపర్ పంపేశాను. ఇప్పుడు ఫీజు కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
— కళాశాల అధ్యాపకుడు

ముందు చేతిలో ఉన్న గండం సంగతి. ఫీజు కట్టకండి. కాపీరైట్ బదిలీ పత్రం మీద సంతకం చేయకండి. పేపర్ శీర్షిక, వాళ్లిచ్చిన నంబరు, పంపిన తేదీ రాసి, "ఈ మాన్యుస్క్రిప్టును ఉపసంహరించుకుంటున్నాను, ప్రచురించడానికి నా అనుమతి లేదు" అని మెయిల్ పెట్టండి. సహరచయితలకు కాపీ వెళ్లాలి. ఉపసంహరణకు కూడా ఫీజు అడిగేవాళ్లున్నారు, అది బెదిరింపే గాని బాకీ కాదు. ఆ ఉత్తరాలన్నీ భద్రపరచండి. రేపు మంచి జర్నల్‌కు పంపేటప్పుడు జరిగింది కవర్ లెటర్‌లోనే చెప్పండి. వీళ్లు మీ అనుమతి లేకుండా వేసేస్తే, తర్వాతి సంపాదకుడికి అది ఒకే పేపర్ రెండుచోట్ల వేయించుకున్నట్టు కనిపిస్తుంది. మీరే ముందు చెప్పి ఉంటే ఆ నింద రాదు.

ఇక వాళ్లు చూపించిన మూడు ఎరలు. 72 గంటలు అంటేనే పీర్ రివ్యూ (తోటి నిపుణుల సమీక్ష) లేదని అర్థం. ఇద్దరు సమీక్షకులు 'సరే' అనడానికే అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది.

ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది పత్రికను గుర్తించే ఎనిమిదంకెల సంఖ్య. నాణ్యతకు ముద్ర కాదు. అయినా కట్టుకథ సంఖ్యలు పట్టుకోవడానికి ఒక లెక్క పనికొస్తుంది. మొదటి ఏడంకెలను వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే ఎనిమిదో అంకె రావాలి. 'నేచర్' సంఖ్య 0028-0836 తీసుకోండి. 12, 40, 24, 6 కలిపితే 82. 11తో భాగిస్తే శేషం 5. 11లో 5 పోతే 6, చివరి అంకె అదే. (పది వస్తే ఇంగ్లీషు ఎక్స్ అక్షరం వేస్తారు, శేషం సున్నా అయితే చివరి అంకే సున్నా.) లెక్క కుదిరినంత మాత్రాన సంతోషించకండి. ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో ఆ సంఖ్య ఎవరి పేరు మీద ఉందో చూడండి. అసలు జర్నల్ పేరు, సంఖ్య దొంగిలించి అచ్చం అలాంటి సైటే కట్టేవాళ్లున్నారు. అందుకే మెయిల్‌లోని లింకు పట్టుకుని కాక, పోర్టల్‌లోనో, ఎవరైనా ఉచితంగా చదవగల (ఓపెన్ యాక్సెస్) జర్నళ్ల సూచిక డిఓఏజేలోనో ఉన్న చిరునామా నుంచే సైటుకు వెళ్లాలి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క) లెక్కించి ఇచ్చేది క్లారివేట్ సంస్థ ఒక్కటే. ముందు ఏదో విశేషణం తగిలించుకున్నవన్నీ సొంత వంటలు. పైగా 2023 నుంచి అసలుది ఒక్క దశాంశ స్థానంతోనే వస్తోంది. 7.831 అని ఇప్పటి లెక్కగా గొప్పగా రాసుకున్నారంటే అక్కడే దొరికిపోయారు.

అనుమానాస్పద జర్నళ్ల పేర్లు చెప్పే జెఫ్రీ బీల్ జాబితా 2017 జనవరిలోనే మూతపడింది. దాని పాత నకళ్ల మీద ఆధారపడవద్దు. సంపాదకవర్గంలో ముగ్గురి పేర్లు తీసుకుని, వాళ్ల సొంత విశ్వవిద్యాలయ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందో లేదో చూడండి. అవసరమైతే ఒకరికి మెయిల్ చేసి అడగండి. తమ పేరు అక్కడుందని తెలియనివాళ్లే తగలవచ్చు. ఇంకో మాట: సూచికలో ఉండటం కూడా పూర్తి భరోసా కాదు. 2013లో 'సైన్స్' పత్రిక కావాలనే తప్పులు కూర్చిన పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఆమోదించాయి. వాటిలో డిఓఏజేలో ఉన్నవీ ఉన్నాయి. ఆ దెబ్బతోనే డిఓఏజే వాళ్లు నియమాలు బిగించి, పాతవాటిని మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 4 ఉన్న జర్నల్‌లో నా పేపర్ వస్తే దానికి నాలుగు సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉదహరింపులు) వస్తాయనా?
— ఎమ్మెస్సీ విద్యార్థి

కాదు. జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వాటికి ఈ ఏడాది అందిన సైటేషన్లను, ఆ రెండేళ్ల పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. పది పేపర్లలో ఒకదానికి 35 వచ్చి, మిగతా తొమ్మిదికీ కలిపి 5 వచ్చినా సగటు నాలుగే. మీ పేపర్ ఆ తొమ్మిదిలో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ. వ్యక్తుల పనిని ఈ అంకెతో తూచవద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. చాలా సంస్థలు సంతకాలు చేశాయి. నియామక కమిటీలు ఎంతవరకు పాటిస్తున్నాయన్నది వేరే కథ.

ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి వేయించుకోవడమేనా? గ్రాంటు లేని మాలాంటివాళ్ల గతేంటి?
— సామాజికశాస్త్ర పరిశోధకురాలు

కాదండీ, ఆ రెండూ ఒకటైపోయినట్టు కనిపించడం తర్వాత వచ్చిన వ్యాపారం పుణ్యం. ఓపెన్ యాక్సెస్‌పై 2002 ఫిబ్రవరి నాటి బుడాపెస్ట్ ప్రకటన చెప్పిన దారులు రెండు. రచయిత తన పేపర్‌ను తనే రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకోవడం ఒకటి, పాఠకుడి నుంచి డబ్బు తీసుకోని జర్నళ్లు నడపడం మరొకటి. ఆ జర్నళ్ల ఖర్చు రచయితే భరించాలని అందులో లేదు. ఆ బరువు ఎంత పెరిగిందంటే, 2020 నవంబరులో 'నేచర్' ప్రకటించిన రుసుము పేపర్‌కు 9,500 యూరోలు.

మీకు పనికొచ్చేవి మూడు మార్గాలు. మొదటిది డైమండ్ జర్నళ్లు. రచయితా కట్టడు, పాఠకుడూ కట్టడు, విశ్వవిద్యాలయాలో విద్వత్సంఘాలో మోస్తాయి. డిఓఏజేలో రుసుము లేనివి మాత్రమే చూపించమని వడపోసుకోవచ్చు. రెండోది మాఫీ. చాలా ప్రచురణకర్తలకు మాఫీ విధానం ఉంటుంది, కానీ పేపర్ పంపేరోజే అడగాలి. ఆమోదం వచ్చాక అడిగితే "ముందే ఒప్పుకున్నారు కదా" అంటారు.

మూడోది గ్రీన్ మార్గం. చందా జర్నల్‌లో ఉచితంగా వేయించుకుని, మీ ప్రతిని రిపాజిటరీలో పెట్టుకోవడం. ఇక్కడే అందరూ జారిపడతారు. ఒకే పేపర్‌కు మూడు ప్రతులుంటాయి. మీరు మొదట పంపింది. సమీక్షల ప్రకారం సవరించాక సంపాదకుడు ఆమోదించింది, ఇంకా జర్నల్ పేజీల రూపంలోకి రానిది. చివరగా లోగో, పేజీ నంబర్లతో ప్రచురణకర్త తయారుచేసింది. చాలా జర్నళ్లు అనుమతించేది రెండోదాన్ని. మనవాళ్లు పెట్టేది అందంగా ఉందని మూడోదాన్ని. నోటీసు వచ్చేదీ దానికే. ఆమోదం వచ్చిన రోజే ఆఖరి వర్డ్ ఫైలును 'ఆమోదిత ప్రతి' అని పేరు పెట్టి దాచుకోండి. రెండేళ్ల తర్వాత వెతికితే 'ఫైనల్', 'ఫైనల్2', 'అసలు ఫైనల్' అన్న మూడు ఫైళ్లలో ఏదో తెలియక తల పట్టుకోవాలి.

గడువు కూడా చూసుకోవాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఆగమనే జర్నళ్లున్నాయి. నిధులిచ్చే సంస్థలు మాత్రం ఈ నిరీక్షణను ఒప్పుకోవడం మానేస్తున్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2008 నుంచి ఇచ్చిన 12 నెలల వెసులుబాటును తీసేసి, 2025 జూలై 1 నుంచి ఆమోదమైన పేపర్లకు ప్రచురణ రోజునే ఉచిత ప్రతి ఉండాలన్నాయి.

చందా తీసుకుంటూనే ఒక్కో పేపర్‌ను 'తెరవడానికి' విడిగా రుసుము అడిగే హైబ్రిడ్ జర్నళ్లకు సొంత డబ్బు కట్టడం మా దృష్టిలో దండగ. గ్రీన్ మార్గంలో అదే పేపర్ ఉచితంగా అందుతుంది.

మా సంఘం చాలా ఏళ్లుగా అచ్చు పత్రిక నడుపుతోంది. పాత సంచికలన్నీ స్కాన్ చేసి సంచికకో పీడీఎఫ్ చొప్పున సైటులో పెట్టాం. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఒక్క వ్యాసమూ కనిపించదు. ఎక్కడ తప్పు?
— ఒక చిన్న పత్రిక సంపాదకుడు

తప్పు మీ ఉత్తరంలోనే ఉంది: సంచికకో పీడీఎఫ్. స్కాలర్‌కు సంచిక అక్కర్లేదు, వ్యాసం కావాలి. ఒక్కో వ్యాసానికి ఒక్కో ఫైలు, దానికొక సొంత పేజీ, ఆ పేజీలో శీర్షిక, రచయితలు, సంగ్రహం లాగిన్ అడగకుండా కనిపించాలి. ఆ వివరాలే పేజీ కోడ్‌లో, యంత్రం చదివే సైటేషన్ ట్యాగులుగా ఉండాలి. ఫైలు 5 మెగాబైట్లు దాటకూడదు. స్కాన్‌లు రంగుల్లో తీసి ఉంటే 80 మెగాబైట్ల సంచిక వస్తుంది, దాన్ని అది ముట్టుకోదు.

తర్వాత, ఆ పీడీఎఫ్‌లో అక్షరాలున్నాయా, అక్షరాల ఫొటోలున్నాయా? ఒక పంక్తి ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి చూడండి. ఏమీ రాకపోతే ఓసీఆర్ (ఫొటోలోంచి అక్షరాలు రాబట్టే పని) చేయించాలి. గజిబిజి లాటిన్ అక్షరాలు వస్తే పాత డీటీపీ ఫాంటు గొడవ. తెలుగు లాంటి లిపుల్లో ఇది మహా బాధ. కంటికి చక్కని అక్షరం కనిపిస్తుంది, యంత్రానికి అర్థంలేని చిహ్నాలు. అన్ని యంత్రాలూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ పీడీఎఫ్ చేయకపోతే ఏ వెతుకులాటకూ దొరకదు. పాతవన్నీ ఒకేసారి చేయలేకపోతే శీర్షిక, రచయిత, సంగ్రహమైనా యూనికోడ్‌లో టైపు చేసి పేజీలో పెట్టండి. సగం ప్రయోజనం దాంతోనే వస్తుంది.

ఈ పేజీలు, ట్యాగులు చేత్తో కట్టుకోనక్కర్లేదు. పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ (పీకేపీ) వారి ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ ఉచిత సాఫ్ట్‌వేర్. పేపర్ స్వీకరించడం, సమీక్షకు పంపడం, ప్రచురించడం అన్నీ అందులోనే. ఎక్కించేవాళ్లు బోలెడుమంది, సంరక్షించేవాళ్లే తక్కువ. అప్‌డేట్ చేయని ఇన్‌స్టాలేషన్లలోకి చొరబడి జూదం ప్రకటనల పేజీలు నింపుతారు. సర్వర్ చూసుకునే మనిషి లేకపోతే హోస్టింగ్ సేవ తీసుకోండి.

ఆన్‌లైన్ రూపానికి ఐఎస్‌ఎస్‌ఎన్ వేరు. అచ్చుదే వాడేస్తే ముందుముందు చిక్కు. డిఓఐ ఇవ్వాలంటే క్రాస్‌రెఫ్‌లో నేరుగా గాని, స్పాన్సర్ సంస్థ ద్వారా గాని సభ్యత్వం కావాలి. తోకలో పత్రిక పేరు, సంపుటి, పేజీ ఇరికించకండి. పత్రిక పేరు మారినా డిఓఐ మారదు, పాత పేరు దానికి అలా వేలాడుతూనే ఉంటుంది. అర్థంలేని పొట్టి అక్షరాలే మంచివి. డిఓఐతోపాటు రచయితల ఆర్కిడ్ (గుర్తింపు) సంఖ్యలు, సంగ్రహం, రిఫరెన్సుల జాబితా కూడా పంపండి. ఒట్టి శీర్షిక పంపి చేతులు దులుపుకుంటే ఎవరు ఎవర్ని ఉదహరించారన్నది ఎవరికీ తెలియదు. ప్రతి వ్యాసం మీదా లైసెన్సు రాసి ఉండాలి. 'సర్వహక్కులూ సంపాదకునివే' అనీ 'ఓపెన్ యాక్సెస్' అనీ ఒకే పేజీలో రాసుకున్న పత్రికలకు డిఓఏజేలో చోటు దొరకదు. అక్కడ చేరాలంటే ఏడాదికి కనీసం అయిదు పరిశోధన వ్యాసాలు రావాలి.

ఇక ఎవరూ అడగని ప్రశ్న: మీ సంఘం రేపు మూతపడితే? 2000 నుంచి 2019 మధ్య 174 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు వెబ్ మీద ఆనవాలు లేకుండా పోయాయని మికాయెల్ లాక్సో బృందం లెక్కతేల్చింది. అచ్చు కాలంలో పత్రిక చచ్చినా గ్రంథాలయాల బీరువాల్లో ప్రతులు బతికేవి. ఇప్పుడు డొమైన్ రుసుము కట్టే కోశాధికారి మారితే చాలు. ఆ డొమైన్ ఇంకెవరో కొని మీ పేరుతోనే దొంగ జర్నల్ నడిపిన సందర్భాలూ లేకపోలేదు. కాబట్టి డొమైన్‌ను వ్యక్తి పేరు మీద కాక సంఘం పేరు మీద, కుదిరినన్ని ఏళ్లకు ఒకేసారి తీసుకోండి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడేవాళ్లకు పీకేపీ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ఉచితం. ప్లగిన్ పెట్టి ఒప్పుకోలు తెలిపితే, 'లాక్స్' పద్ధతిలో ప్రతులు అనేకచోట్ల దాస్తుంది, ఒకదాంతో ఒకటి పోల్చుకుని చెడిపోయినదాన్ని సరిచేస్తుంది. మీ దగ్గరున్న బ్యాకప్ హార్డ్ డిస్కు దీనికి బదులు కాదు. అది చెడిపోయిందో లేదో చెప్పేవాళ్లెవరూ ఉండరు.

పీర్ రివ్యూ ఇక ఉండదంటున్నారు. ఇంటర్నెట్‌లో అందరూ చదివి చెబితే చాలదా?
— జీవశాస్త్ర పరిశోధకుడు

'అందరూ' చదవరు. ప్రీప్రింట్ల కింద వ్యాఖ్యల పెట్టెలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. మారుతున్నది రివ్యూ కాదు, దాని వరస. మునుపు రివ్యూ తర్వాత ప్రచురణ. ఇప్పుడు ప్రచురించాక రివ్యూ, ఆ రివ్యూ కూడా బహిరంగం. 'ఈలైఫ్' జర్నల్ 2023 జనవరి నుంచి రివ్యూకు తీసుకున్న పేపర్‌ను ఆమోదించడం, తిరస్కరించడం మానేసింది. సమీక్షలతో కలిపి పెట్టి, ఫలితం ఎంత ముఖ్యం, ఆధారం ఎంత బలం అని రెండు కొలతల్లో చెబుతుంది. ఆధారానికి 'గట్టిది', 'అసంపూర్ణం', 'చాలదు' లాంటి మాటలు వాడుతుంది. పేపర్ మంచిదా కాదా అని ఒక్క ముక్కలో తేల్చడం కన్నా ఇది నిజాయితీగా ఉంది. కానీ దెబ్బ కూడా తగిలింది. తిరస్కరించని జర్నల్‌ను మునుపటిలా లెక్కలోకి తీసుకోలేమని 2024లో క్లారివేట్ వారి సూచిక వెబ్ ఆఫ్ సైన్స్ దాని పూర్తి సూచీకరణ ఆపింది. ఫలితంగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పోయింది. మీ ఉద్యోగ నియమాల్లో ఆ అంకె ఉంటే పంపేముందు ఈ సంగతి ఆలోచించుకోండి.

నేను ఉదహరించిన పేపర్ రద్దయిందని థీసిస్ వైవాలో తెలిసింది. ముందే తెలుసుకునే మార్గం లేదా?
— పీహెచ్‌డీ విద్యార్థి

ఉంది, రెండు నిమిషాల పని. రద్దయిన పేపర్లను నమోదు చేసే 'రిట్రాక్షన్ వాచ్' డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. జొటేరో సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సులు పెట్టుకునేవాళ్లకు రద్దయిన పేపర్ పక్కన ఎర్ర గుర్తు దానంతటదే పడుతుంది. డిఓఐ లేకుండా చేర్చిన రిఫరెన్సులకు మాత్రం ఇది చాలాసార్లు పనిచేయదు. మీ డిస్కులో రెండేళ్ల కిందట దించుకున్న పీడీఎఫ్‌కు తన చావు కబురు తెలియదు. అందుకని సమర్పించే వారం ముందు ప్రతి డిఓఐనీ జర్నల్ పేజీలో ఒకసారి తెరిచి చూడండి.

ఆలస్యం కూడా తక్కువేం కాదు. టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపర్ రద్దు కావడానికి 12 ఏళ్లు పట్టింది. 2023లో హిందావీ అనే ప్రచురణకర్త జర్నళ్ల నుంచే ఎనిమిది వేలకు పైగా పేపర్లు రద్దయ్యాయి, ఎక్కువభాగం డబ్బుకు పేపర్లు తయారుచేసే ముఠాల పని. చదువుతుండగానే పట్టుకునే ఆనవాలొకటుంది. కాపీ దొరక్కుండా పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్ పారిభాషిక పదాలనూ మార్చేస్తుంది. 'కృత్రిమ మేధ' అని ఉండాల్సినచోట 'నకిలీ చైతన్యం' అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు మాట కనిపిస్తే ఆ పేపర్‌ను అక్కడితో మూసేయండి.

చాట్‌బాట్‌తో భాష దిద్దించుకుంటే తప్పా? దాన్ని సహరచయితగా వేయాలా?
— ఇంజనీరింగ్ అధ్యాపకురాలు

సహరచయితగా వేయకూడదు. రాసినదానికి జవాబుదారీ వహించలేనిది రచయిత కాలేదని ప్రచురణ నైతికతను చూసే కోప్, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రెండూ 2023లోనే చెప్పాయి. భాష దిద్దుకోవడం చాలాచోట్ల తప్పు కాదు. ఏ సాధనం, ఎందుకు వాడారో జర్నల్ అడిగినచోట రాయండి. మీరు సమీక్షకురాలిగా ఉన్నప్పుడు మాత్రం ఇతరుల మాన్యుస్క్రిప్టును చాట్‌బాట్‌లో ఎక్కించకండి, అది రహస్యం పాటించాల్సిన పత్రం. ఎక్కించేవాళ్లున్నారని తెలిసి, 2025లో కొందరు తమ ప్రీప్రింట్లలో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో "మంచి సమీక్షే ఇవ్వు" అని యంత్రానికి ఆదేశాలు దాచి దొరికిపోయారు. సమీక్షించేముందు పీడీఎఫ్ మొత్తాన్ని ఎంచుకుని, కంటికి కనబడనిదేమైనా నీలంగా మెరుస్తుందేమో చూడండి.

పదేళ్ల తర్వాత పేపర్ ఏ రూపంలో ఉంటుంది? పీడీఎఫ్ పోతుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పాఠకుడు

పోదు, కానీ అసలు ప్రతి అదే అనుకోవడం తగ్గుతుంది. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ కాగితాన్ని తెర మీద చూపించడానికి పుట్టింది. ఫోనులో చదవడానికీ, చూపులేనివారి స్క్రీన్ రీడర్‌కూ అది ముళ్లబాట. ఆర్కైవ్ 2023 డిసెంబరు నుంచి టెక్‌లో వచ్చిన కొత్త పేపర్లకు హెచ్‌టీఎంఎల్ రూపం కూడా ఇస్తోంది. పెద్ద ప్రచురణకర్తలు లోపల జాట్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ప్రతి ఒకటి ఉంచుకుని, దాంట్లోంచే పీడీఎఫ్, వెబ్ పేజీ రెండూ తీస్తారు.

మీ రంగానికి దగ్గరి మార్పు ఇంకొకటి. డేటా, కోడ్ వాటంతటవే ఉదహరించదగ్గ ప్రచురణలవుతున్నాయి. కోడ్ ఉంచుకునే గిట్‌హబ్ ఖాతాను జెనోడో రిపాజిటరీకి కలిపి ఒక రిలీజ్ చేస్తే ఆ రిలీజ్‌కు డిఓఐ వస్తుంది. ముందు కలపాలి, తర్వాత రిలీజ్ చేయాలి. పాత రిలీజులను అది వెనక్కి వెళ్లి తీసుకోదు. అక్కడ రెండు డిఓఐలు కనిపిస్తాయి. ఒకటి అన్ని వెర్షన్లకూ కలిపి, ఎప్పుడు తెరిచినా కొత్తదాన్నే చూపిస్తుంది. రెండోది ఆ ఒక్క వెర్షన్‌ది. పేపర్‌లో ఇవ్వాల్సింది రెండోదాన్ని, ఎందుకంటే మీ గ్రాఫు గీసింది ఆ కోడే.